గదిలో గాలికి చార్జ్ ఉంటే ఒంటికేమవుతుంది?

సంక్రాంతి నెలలో మా శ్రీకాకుళంలో తెల్లవారుజామున స్వెట్టర్ విప్పితే చిటపటలాడుతుంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి ఇనుప గేటు గొళ్లెం పట్టుకుంటే వేలికి చురుక్కుమంటుంది. ఆగస్టులో అదే కుర్చీ, అదే గేటు, ఏమీ ఉండదు. గాలిలో, బట్టల్లో, మన ఒంటి మీద కరెంటు లాంటిదేదో ఉందని చిన్నప్పటి నుంచీ అందరికీ తెలుసు. ఈ మధ్య అదే సంగతి అమ్మకానికి వచ్చింది. ఏసీ డబ్బా మీద "అయోనైజర్" (అయాన్లు పుట్టించే పరికరం) అని, ప్యూరిఫైయర్ మీద "లక్షల నెగటివ్ అయాన్లు" అని, ఆన్‌లైన్‌లో "అయాన్ బ్రాస్‌లెట్" అని కనిపిస్తోంది.

మొన్న మా వీధిలో ఒకావిడ నన్ను ఆపి అడిగింది. "మాస్టారూ, ఈ ఏసీలో నెగటివ్ అయాన్లు వస్తాయట. మా గుంటడి ఆయాసం తగ్గిపోద్దని షాపోళ్లు చెప్తన్నారు. నిజమేనా?"

నేను చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. అయినా అవుననో కాదనో అక్కడికక్కడ చెప్పలేకపోయాను. ఆ ఒక్క ప్రశ్నలో చాలా ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. అయాన్లు మనసు మీద పనిచేస్తాయా, ఊపిరి మీద పనిచేస్తాయా, గాలిలోని ధూళి మీద పనిచేస్తాయా, ఆ మిషన్ అయాన్లతో పాటు ఇంకేమైనా వదులుతుందా? ఒక్కోదానికి ఒక్కో జవాబు ఉంది.

ఒకే మాట వెనక మూడు సంగతులు

అణువులో పాజిటివ్, నెగటివ్ చార్జ్‌లు సమానంగా ఉంటాయి. అందులోంచి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతే మిగిలింది పాజిటివ్ అయాన్. ఊడిన ఎలక్ట్రాన్ ఇంకో అణువుకు తగులుకుంటే అది నెగటివ్ అయాన్. అందుకే ప్రకృతిలో అయాన్లు చాలావరకు జతలుగానే పుడతాయి. పుట్టిన క్షణంలోనే వాటి చుట్టూ నీటి అణువులు మూగుతాయి. గాలిలో తిరిగేది ఆ చిన్న గుంపు.

వేలికి చురుక్కుమనిపించేది అయాన్ కాదు, స్టాటిక్. అంటే రాపిడి వల్ల ఒక వస్తువు మీద పేరుకున్న చార్జ్. గాలిలో తేమ బాగా ఉంటే వస్తువుల మీద కంటికి కనబడని నీటి పొర ఏర్పడి, చార్జ్ దాని గుండా జారిపోతుంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు స్టాటిక్ తెలియకపోవడానికి కారణం ఇదే. ఏసీ వేసిన గదిలోనూ, చలికాలపు పొడి ఉదయాల్లోనూ అది మళ్లీ బయటపడుతుంది.

మూడోది అయనీకరణ రేడియేషన్. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టేంత శక్తి ఉన్న కిరణాలు, కణాలు. రేడియేషన్ కారణం, అయాన్ దాని ఫలితం. ఈ రెండూ కలగాపులగం అయినప్పుడు ఏం జరుగుతుందో బ్రాస్‌లెట్ల దగ్గర చూద్దాం.

ఇంకో చిక్కు "నెగటివ్" అన్న మాటతో వచ్చింది. ఇక్కడ దాని అర్థం ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ ఉందని మాత్రమే. మంచి, చెడు అన్నవి ఆ పేర్లలో లేవు. "పాజిటివ్ అయాన్ విషం, నెగటివ్ అయాన్ విటమిన్" అనే ప్రచారం తర్వాత వచ్చింది.

అసలు గాలిలో ఇవి ఎన్ని?

పాచికంత చోటు, అంటే ఒక ఘన సెంటీమీటరు, తీసుకుందాం. అందులో గాలి అణువులు దాదాపు రెండున్నర లక్షల కోటి కోట్లు ఉంటాయి. ఊరి బయట అంతే చోటులో అయాన్లు కొన్ని వందల నుంచి వెయ్యి దాకా ఉంటాయి. గదుల్లో సాధారణంగా ఇంకా తక్కువ.

ఈ నిష్పత్తిని బియ్యంతో చూద్దాం. కిలోకి సుమారు 50 వేల గింజలు అనుకుంటే, వెయ్యి అయాన్లున్న గాలిలో ఒక్క అయాన్‌కు సరిపోయే అణువులు 50 కోట్ల టన్నుల బియ్యపు గింజలంత అవుతాయి. మన దేశం మొత్తం మీద ఏడాదికి పండే బియ్యం 14, 15 కోట్ల టన్నుల చుట్టుపక్కల. అంటే మూడేళ్లకు పైగా దేశం పంటలో ఒక్క గింజకు రంగు వేసినట్టు.

ఇంత తక్కువ ఉన్నది ఒంటి మీద పని చేయదని దీన్నిబట్టి తీర్మానించలేం. వాసనలు, హార్మోన్లు కూడా చాలా చిన్న మోతాదుల్లోనే పనిచేస్తాయి. కాకపోతే అలా పనిచేసే దారి ఏమిటో చూపించాల్సిన బాధ్యత చెప్పేవాళ్ల మీద ఉంటుంది.

పుట్టుక: నేల నుంచి, ఆకాశం నుంచి

గాలిని అయాన్లుగా విడగొట్టేవి ప్రధానంగా రెండు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు, నేలలోని యురేనియం, థోరియం, వాటి నుంచి పుట్టే రేడాన్ వాయువు. 1912లో ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి, పైకి పోయేకొద్దీ గాలిలో అయాన్లు పుట్టే వేగం పెరుగుతోందని కొలిచాడు. కాస్మిక్ కిరణాలు అలా బయటపడ్డాయి. ఆ పనికి 1936లో నోబెల్ వచ్చింది. నేల మీద ఘన సెంటీమీటరుకు సెకనుకు దాదాపు 10 జతలు పుడతాయి. నడిసముద్రం మీద నేల సాయం ఉండదు కాబట్టి సుమారు 2 జతలే.

మన జిల్లాకు ఇందులో సొంత వాటా ఉంది. భావనపాడు, కళింగపట్నం తీరాల్లో నల్ల చారలుగా కనిపించే బరువైన ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్‌లతో పాటు కొద్దిగా మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది.

"నెగటివ్ అయాన్" పేరుతో అమ్మే కొన్ని గొలుసులు, బ్రాస్‌లెట్లు, కంటి పట్టీల్లో బ్యాటరీ ఉండదు. బ్యాటరీ లేకుండా అవి అయాన్లు ఎలా పుట్టిస్తాయి? వాటిలో కొన్నింట్లో మోనజైట్ లాంటి రేడియోధార్మిక ఖనిజాల పొడి కలుపుతారు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ఇలాంటి పది వస్తువులను పరీక్షించి, అవి రేడియేషన్ వదులుతున్నాయని, ఎక్కువకాలం ధరిస్తే హాని జరగొచ్చని ప్రకటించింది. అయాన్ల మాట అబద్ధం కాదు, అవి నిజంగానే పుడతాయి. కానీ అవి పుట్టేది చర్మానికి ఆనుకున్న రేడియేషన్ వల్ల. పిల్లల మెడలో వేసే వస్తువు గురించి ఈ సంగతి అట్టపెట్టె మీద రాయకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

రేడాన్ విషయంలోనూ ఇదే తలకిందులు కనిపిస్తుంది. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో నేల నుంచి వచ్చే రేడాన్ పేరుకుంటే అయాన్లు పుట్టే వేగం పెరుగుతుంది. ఆ రేడాన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊపిరితిత్తుల క్యాన్సర్ కారణాల్లో ఒకటిగా గుర్తించి, ఇళ్లలో ఘన మీటరుకు 100 బెకరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) దాటకుండా ఉంటే మంచిదని చెప్పింది. అంటే అయాన్లు ఎక్కువగా పుడుతున్న గది ఆరోగ్యకరమైన గది అయి తీరాలని లేదు.

చావు: పొగ గదిలో అయాన్ ఎన్ని సెకన్లు బతుకుతుంది

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ముఖ్యమని అనిపించేది ఇక్కడుంది. అయాన్ ఎక్కువసేపు బతకదు. వ్యతిరేక చార్జ్ ఉన్న ఇంకో అయాన్‌ను కలిసి మామూలు అణువైపోతుంది, లేదా ఏదో ధూళి కణానికి, పొగ కణానికి, గోడకు అంటుకుంటుంది. ఏ క్షణంలోనైనా గాలిలో ఎన్ని ఉంటాయో తేల్చేది ఒక సాదా లెక్క: సెకనుకు పుట్టేవాటిని అవి బతికే సెకన్లతో హెచ్చవేయాలి.

ధూళి అసలే లేని గాలిలో అయాన్ సగటున 250 సెకన్లు బతుకుతుంది. సెకనుకు 10 చొప్పున 2,500 నిలుస్తాయి. ఘన సెంటీమీటరుకు పదివేల సూక్ష్మ కణాలుంటే, బజారు వీధి పక్క ఇల్లు అనుకోండి, ఆయుష్షు దాదాపు 90 సెకన్లకు పడిపోతుంది. నిలిచేవి 900. కణాలు లక్ష దాటితే ఆయుష్షు 10 సెకన్లే. అయాన్లు 100. పలాస జీడి బట్టీల పొగ కమ్మిన గది గానీ, కట్టెల పొయ్యి వెలిగించిన వంటిల్లు గానీ, అగరొత్తుల కట్ట అంటించిన చిన్న దేవుడి గది గానీ ఈ లెక్కలోకే వస్తాయి.

పుట్టే వేగం మూడు చోట్లా ఒకటే అనుకున్నాం. మారింది ధూళి మాత్రమే. మరి అయాన్లు తక్కువున్న గదిలో మనిషికి తలనొప్పి వచ్చిందంటే అది అయాన్ల కొరత వల్లా, పొగ వల్లా? ఊరి చివర చెరువు గట్టు మీద ప్రాణం లేచొచ్చినట్టుంటే అది అయాన్ల వల్లా, శుభ్రమైన గాలి వల్లా? రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి కాబట్టి అనుభవంతో వాటిని విడదీయలేం. ప్రయోగంతోనే విడదీయాలి.

జలపాతం, సముద్రం, పడమటి గాలి

1892లో జర్మన్ శాస్త్రవేత్త ఫిలిప్ లెనార్డ్ జలపాతాల దగ్గర గాలికి చార్జ్ వస్తుందని రాశాడు. నీటి చుక్క రాయి మీద పడి చిట్లినప్పుడు విడిపోయే సన్నని తుంపర నెగటివ్ చార్జ్‌తో గాలిలోకి లేస్తుంది. పెద్ద జలపాతం పక్కన ఘన సెంటీమీటరుకు పదుల వేల నెగటివ్ అయాన్లు ఉండడం నిజమే.

"సముద్రపు ఒడ్డున కూడా అంతే" అని ప్రకటనలు చెబుతాయి. ఉప్పునీటి దగ్గర కథ వేరు. అలల నురుగులో బుడగలు పగిలినప్పుడు పైకి చిమ్మే సూక్ష్మ బిందువులు ఎక్కువగా పాజిటివ్ చార్జ్‌తో ఉంటాయి. కళింగపట్నం దగ్గరో, బారువ దగ్గరో సాయంత్రం కూర్చుంటే ఒళ్లు తేలికపడడం అందరి అనుభవం. దానికి నెగటివ్ అయాన్లను కారణంగా చూపడం మాత్రం కుదరదు.

ఎండగాలుల కథ దీనికి మరోవైపు. ఇజ్రాయెల్‌లో షరావ్ అనే వేడి పొడిగాలి వీచే రోజుల్లో చాలామందికి చిరాకు, నిద్రలేమి, తలనొప్పి వస్తాయి. ఆ గాలితో పెరిగే పాజిటివ్ అయాన్లు మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచడమే కారణమని జెరూసలేంకు చెందిన ఫెలిక్స్ సుల్మన్ వాదించాడు. మే నెలలో విజయనగరం వైపు పడమటి గాలి కొడుతుంటే ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ పట్టదని మనకూ తెలుసు. కానీ ఆ రోజు వేడి, పొడిదనం, దుమ్ము, నిద్ర చెడడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. వాటిలోంచి అయాన్ల వంతును విడిగా తీయడం సుల్మన్ పద్ధతితో సాధ్యం కాలేదు.

మనసు మీద: ఒక్కచోట మాత్రం ఆలోచించాల్సిన ఫలితం

సెరటోనిన్ ఆలోచనను మొదటి నుంచీ బలంగా వినిపించినవాడు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త ఆల్బర్ట్ క్రూగర్. 1950ల చివర నుంచి ఎలుకల మీద ప్రయోగాలు చేసి, నెగటివ్ అయాన్లు సెరటోనిన్‌ను తగ్గిస్తాయని చెప్పాడు. ఇతర ల్యాబుల్లో ఆ ఫలితాలు నిలకడగా రాలేదు.

తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ టర్మన్ బృందం వేరే దారిలో వెళ్లింది. చలిదేశాల్లో శీతాకాలపు చీకటి రోజుల్లో కొందరికి డిప్రెషన్ వస్తుంది. 1995లో అలాంటి 25 మందికి రోజూ పొద్దున్నే అరగంట చొప్పున 20 రోజులు అయాన్ మిషన్ పెట్టారు. కొందరికి ఘన సెంటీమీటరుకు 27 లక్షల అయాన్లు, మిగతావారికి 10 వేలు. ఎవరికి ఏది వచ్చిందో రోగులకు తెలియదు. ఎక్కువ మోతాదు వారిలో 58 శాతం మంది బాగా కోలుకున్నారు, తక్కువ మోతాదు వారిలో 15 శాతం మంది. అయాన్లకు రంగూ వాసనా ఉండవు కాబట్టి ఈ పోలిక విలువైనది.

2013లో పెరెజ్, అలెగ్జాండర్, బెయిలీ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కించారు. ఆందోళన, ప్రశాంతత, నిద్ర, మామూలు మూడ్ మీద నిలకడైన ప్రభావం కనబడలేదు. డిప్రెషన్ కొలతల్లో మాత్రం, అదీ బాగా ఎక్కువ మోతాదులో, తగ్గుదల కనిపించింది. అది ఎందుకు జరుగుతుందో చెప్పే శరీర ప్రక్రియ ఇంకా తేలలేదు.

మనకు ఇది ఎంతవరకు వర్తిస్తుంది? డిసెంబరులో న్యూయార్క్‌లో పగలు తొమ్మిది గంటలకు కాస్త పైన ఉంటే శ్రీకాకుళంలో దాదాపు 11 గంటలు ఉంటుంది. ఆ జబ్బే మన దగ్గర అంతగా కనబడదు. పైగా 27 లక్షలకూ, ఏసీ దూరంగా గోడ మీద నుంచి వదిలితే మనిషి దాకా చేరేదానికీ మధ్య తేడా చాలా పెద్దది.

ఆయాసం మీద

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. వైద్య అధ్యయనాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ అయోనైజర్లనూ ఉబ్బసాన్నీ ప్రత్యేకంగా పరిశీలించింది. ఆరు అధ్యయనాల్లో ఊపిరితిత్తుల పనితీరులో గానీ, లక్షణాల్లో గానీ, మందుల వాడకంలో గానీ చెప్పుకోదగ్గ మెరుగుదల కనబడలేదు. వాటిలో 1993 నాటి ఒక అధ్యయనంలో, పిల్లల గదుల్లో గాలిలోని దుమ్ము పురుగుల అలర్జీ పదార్థం నిజంగానే తగ్గింది. పిల్లల లక్షణాలు తగ్గలేదు. రాత్రి దగ్గు కాస్త పెరిగినట్టు కూడా కనిపించింది, కానీ ఆ పెరుగుదల యాదృచ్ఛికం కాదని చెప్పేంత బలమైనది కాదు.

గాలి శుభ్రపడి కూడా పిల్లవాడి ఆయాసం తగ్గకపోవడం వింతగా అనిపిస్తుంది. దానికి ఒక సాధ్యమైన వివరణ ధూళి ప్రయాణంలో ఉంది.

చార్జ్ ఎక్కిన ధూళి ఎటు పోతుంది

అయోనైజర్ ధూళిని మాయం చేయదు. కణాలకు చార్జ్ ఎక్కిస్తుంది, అవి గోడకు, కర్టెన్‌కు, నేలకు అంటుకుంటాయి. మిషన్ వెనక సున్నం గోడ కొన్ని నెలల్లో నల్లబడడం అందుకే. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అద్దం మీద దుమ్ము పొరలా పట్టేది గుర్తుందా? అదే సూత్రం.

గదిలో గోడ ఒక్కటే లేదు, మన శ్వాసనాళాల గోడలు కూడా ఉన్నాయి. చార్జ్ ఉన్న కణం తడి గోడకు దగ్గరగా వస్తే ఆ గోడలో వ్యతిరేక చార్జ్ పోగై దాన్ని లాక్కుంటుంది. మనిషి శ్వాసనాళాల అచ్చులో చేసిన ప్రయోగాల్లో చార్జ్ ఉన్న అతి సూక్ష్మ కణాలు, చార్జ్ లేనివాటికన్నా కొన్ని రెట్లు ఎక్కువ అంటుకున్నాయి.

ఇక్కడ ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. మిషన్ వల్ల గాలిలో కణాలు 30 శాతం తగ్గి, మిగిలినవి ఊపిరిలో అంటుకోవడం ఒకటిన్నర రెట్లు అయిందనుకుంటే, ముందు 100 చేరేచోట 105 చేరతాయి. కణాలు 60 శాతం తగ్గితే అదే లెక్కలో 60 చేరతాయి. ఒక మిషన్ మేలు చేసి, ఇంకోటి చేయకపోవడం ఇలా సాధ్యమే. అందుకే "అయాన్లు వస్తాయి" అన్న మాట కన్నా, గంటకు ఎంత గాలిని నిజంగా శుభ్రం చేస్తుందన్న అంకెకు విలువ ఎక్కువ. పది అడుగుల ఎత్తున్న 10 × 12 గదిలో దాదాపు 34 ఘన మీటర్ల గాలి ఉంటుంది. గంటకు 200 ఘన మీటర్లు హెపా ఫిల్టర్ (సూక్ష్మ ధూళిని పట్టే దట్టమైన జల్లెడ) గుండా లాగే మిషన్ ఆ గాలిని గంటలో ఆరు సార్లు వడకడుతుంది. ఫ్యాన్ లేని చిన్న అయాన్ పరికరం సాధారణంగా అందులో చిన్న భాగమే చేయగలదు.

బీజింగ్‌లో బడిపిల్లల మీద 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఈ చిక్కును బాగా చూపిస్తుంది. తరగతి గదుల్లో అయోనైజర్ ప్యూరిఫైయర్లు పెట్టినప్పుడు ధూళి తగ్గింది, ఊపిరితిత్తుల కొలతలు మెరుగుపడ్డాయి. కానీ గుండె లయకు సంబంధించిన కొలతలు కాస్త చెడు వైపు మారాయి. అయాన్లు పూర్తిగా నిరపాయమని గానీ, ప్రమాదకరమని గానీ ఇప్పుడే ముద్ర వేయకూడదనడానికి నాకు ఇదొక్కటి చాలు.

ఓజోన్: అడగని అతిథి

చాలా మిషన్లు సూది మొనకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చి అయాన్లు పుట్టిస్తాయి. దాన్ని కరోనా డిశ్చార్జ్ అంటారు, వైరస్‌తో దానికి సంబంధం లేదు. ఆ మొన దగ్గర ఆక్సిజన్ విడిపోయి ఓజోన్ కూడా పుట్టొచ్చు. పాత జిరాక్స్ షాపులో వచ్చే ఘాటు వాసన అదే. ఓజోన్ శ్వాసనాళాలను మంటపెడుతుంది, ఉబ్బసం ఉన్నవారికి మరీ. నిమ్మ వాసన ఉన్న ఫ్లోర్ క్లీనర్ల ఆవిరితో కలిస్తే ఫార్మాల్డిహైడ్‌ను, కొత్త సూక్ష్మ కణాలను పుట్టిస్తుంది.

మోతాదు లెక్క ఇలా ఉంటుంది. పైన చెప్పిన 34 ఘన మీటర్ల గదే, తలుపులు వేసి ఉంది. బయటి గాలి గంటకు అరవంతు మారుతుంది, గోడలు, బట్టలు గంటకు సుమారు మూడు గదుల గాలిలోని ఓజోన్‌ను మింగేంత వేగంతో లాక్కుంటాయి. మిషన్ గంటకు 2 మిల్లీగ్రాములు వదిలితే గాలిలో నిలిచేది ఘన మీటరుకు 17 మైక్రోగ్రాములు. గంటకు 20 వదిలితే 170. ఎనిమిది గంటల సగటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 100, మన దేశపు ప్రమాణమూ అంతే. మొదటి మిషన్ హద్దులో ఉంది, రెండోది దాటేసింది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండొచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రం 2006లో చట్టం చేసి, ఇళ్లలో వాడే ఎయిర్ క్లీనర్ల ఓజోన్ 0.05 పీపీఎం దాటకూడదని కట్టడి చేసింది. అది దాదాపు ఈ 100 మైక్రోగ్రాములకు సమానం.

కోవిడ్ కాలంలో బడుల్లో, ఆఫీసుల్లో పెట్టిన, పాజిటివ్, నెగటివ్ రెండు రకాల అయాన్లూ వదిలే యంత్రాల మీద కూడా పరీక్షలు జరిగాయి. 2021లో అమెరికాలోని మూడు విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక యంత్రాన్ని పరీక్షిస్తే, ధూళి మీద పెద్ద ప్రభావం లేదు. గాలిలోని కొన్ని రసాయనాలు తగ్గాయి, అసిటోన్, టొల్యూన్ లాంటివి పెరిగాయి.

ఆ తల్లికి ఏం చెప్పాను

రెండు రోజుల తర్వాత వాళ్లింటికే వెళ్లాను. అయాన్ల వల్ల ఉబ్బసం తగ్గుతుందని ఇప్పటివరకు రుజువు లేదని, డాక్టరు గారు రాసిన ఇన్‌హేలర్‌కు అది బదులు కాదని చెప్పాను. గుంటడు పడుకునే గది చూపించింది. మూల మంచం కింద దోమల కాయిల్ బూడిద ఉంది. రాత్రంతా వెలుగుతుందట. 2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఒక్క కాయిల్ కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేదానికి సమానం. మనం పైన వేసుకున్న లెక్కలో ఆ గదిలో అయాన్‌కు పది సెకన్లు కూడా ఆయుష్షు ఉండదు. పిల్లవాడి ఊపిరికి చేరేది మాత్రం ఆ పొగే.

"దోమలు తినేస్తాయి కదండీ మాస్టారూ" అంది. అదీ నిజమే, జ్వరాల కాలం. దోమతెర అటక మీద ఉందని, దులపాలని అంది. ఆ గదికి తూర్పు వైపు కిటికీ ఒకటుంది. సాయంత్రం సముద్రం గాలి వచ్చేది అటునుంచే. పక్కన మేడ లేచాక దాన్ని తీయడం మానేశారట. గొళ్లెం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి గుంజితే సగం తెరుచుకుంది.